తేలే బ్రిడ్జి కొన్న పాపం

కంకిపాడులో ఒక పెళ్ళి రిసెప్షన్ స్టేజీ మీద, పెళ్ళివారంతా బిర్యానీ తింటూ చూస్తుండగా, నా పరువు ఎలా పోయిందో చెబుతాను. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. తప్పంతా నాదేనని మాత్రం అనొద్దు. సగం తప్పు గిటారుకు ట్రెమొలో కనిపెట్టినవాడిది. వాడెవడో తెలిస్తే ఆటోనగర్ పిలిపించి, ఇసక లారీ కింద పడుకోబెట్టి గ్రీజు పెట్టించేవాణ్ణి.

అప్పట్లో నేను ఆటోనగర్‌లో లారీలకు కమాన్ కట్టలు, అంటే అడుగున బరువు మోసే స్ప్రింగు పట్టీలు, బిగించేవాణ్ణి. ఎనిమిదో తరగతి నన్ను వదిలేసిందో, నేనే దాన్ని వదిలేశానో ఇప్పటికీ తేలలేదు గానీ, లోడెక్కితే ఏ లారీ ఎంత కుంగుతుందో కంటితో చూసి చెప్పేవాణ్ణి. సాయంత్రమైతే చేతులు కడుక్కుని గిటారు పట్టేవాణ్ణి. వరహాలరావు మాస్టారి ఆర్కెస్ట్రాలో చేరాలని మూడేళ్ళుగా ఆయన చుట్టూ తిరుగుతున్నాను. ఆయన కీబోర్డు వాయిస్తారు. చెయ్యి ఎంత మెత్తనో నోరు అంత కరుకు. ఉన్న గిటారిస్టు మానేయడంతో నన్ను పిలిచి, "శనివారం కంకిపాడు ఫంక్షన్లో వాయించు. బాగుంటే సీటు నీది. బాగోలేదా, మళ్ళీ నా గుమ్మం తొక్కకు" అన్నారు.

మామూలు వాయింపుకు పడిపోయే మనిషా ఆయన? అందుకని నా పాత గిటారు ఇచ్చేసి ట్రెమొలో ఉన్నది తీసుకుందామని బెంజ్ సర్కిల్ దగ్గర ఒక షాపుకు వెళ్ళాను. ట్రెమొలో అంటే మరేం లేదండీ. తీగల కొసలు బిగించే బ్రిడ్జికి ఒక రాడ్డు ఉంటుంది. నొక్కితే స్వరం జాలిగా కిందికి జారుతుంది. వదిలితే వెనకున్న స్ప్రింగులు బ్రిడ్జిని లాగి మళ్ళీ చోటికి తెస్తాయి.

షాపులో అమ్మాయి రెండు రకాలు చూపించింది. ఒకదాని బ్రిడ్జి చెక్క మీద ఆనుకుని ఉంటుంది. రెండోది ముందు తీగలూ వెనక స్ప్రింగులూ చెరోవైపు లాగుతుంటే గాల్లో తేలుతుంది.

"మీరు ఎక్కడ వాయిస్తారండీ?"

"పెళ్ళిళ్ళలోనమ్మా."

"అయితే ఆనుకునేది తీసుకోండి. తేలేదాంట్లో ఒక్క తీగ తెగితే మిగతావన్నీ శ్రుతి తప్పుతాయండీ."

"స్ప్రింగుల గురించి నాకా చెబుతున్నావు?"

"అది కాదండీ..."

"పది టన్నుల లోడుకి కమాన్లు కట్టేవాణ్ణమ్మా! ఈ పెన్ను స్ప్రింగులు నన్నేం చేస్తాయి?"

"లారీ వేరండీ, గిటారు వేరండీ."

"స్ప్రింగు ఎక్కడున్నా స్ప్రింగే!"

మీరే చెప్పండి, ఆనుకునేది ఎడ్లబండి, తేలేది ఏసీ బస్సు. చేతిలో పనున్నవాడు ఏదెక్కుతాడు? లారీ వెనకెక్కి ఊగి చూసినట్టు రాడ్డు మీద చెయ్యేసి ఊపాను. బ్రిడ్జి మెత్తగా లేచి దిగింది. "సస్పెన్షన్ అంటే ఇదీ!" అన్నాను. ఆ అమ్మాయి బిల్లు రాసింది.

శనివారం వచ్చింది. మొదటి రెండు పాటలూ బ్రహ్మాండం. మాస్టారు నా వైపు చూసి తలాడించారు కూడా. ఆ తల ఊపే నా కొంప ముంచింది. మూడో పాటలో మా గాయని పద్మగారు పల్లవి ఎత్తుకోగానే, నేను ఘాట్ రోడ్డులో గేరు మార్చినట్టు రాడ్డు పట్టుకుని కిందికీ పైకీ ఊపేశాను. ఠప్‌మని మొదటి తీగ తెగింది.

తెగితే తెగనీ, ఇంకా ఐదున్నాయి అనుకున్నాను. ఒక తీగ లాగడం మానేసరికి వెనకున్న స్ప్రింగులది పైచేయి అయింది. బ్రిడ్జి వెనక్కి కుంగింది. మిగిలిన ఐదూ బిగుసుకుని, ఎవరిష్టం వచ్చిన శ్రుతికి వాళ్ళు ఎక్కి కూర్చున్నాయి. అయ్యా, ఆరు టైర్ల లారీలో ఒక టైరు పేలితే మిగతా ఐదూ ఉబ్బిపోవడం మీరెక్కడైనా చూశారా? ఇదేం న్యాయం?

"ఏమిట్రా ఆ గోల?" మాస్టారు కీబోర్డు ఆపకుండానే పళ్ళు కొరికారు.

"ఒక తీగ తెగిందండీ."

"ఐదున్నాయిగా, వాయించు!"

"అవి కూడా పోయాయండీ."

"ఎక్కడికి పోయాయ్? కనపడుతుంటే!"

"పైకి పోయాయండీ!"

పద్మగారు మైకు పక్కకు తిప్పారు. "నేను పైకి రానా, ఆయన కిందికి దిగుతాడా? ఏదో ఒకటి తేల్చండి మాస్టారూ!"

దిగుదామని రాడ్డు కొంచెం నొక్కి పట్టాను. ఆశ్చర్యం! ఐదు తీగలూ శ్రుతిలోకి వచ్చేశాయి. కానీ ఎడమ చెయ్యి స్వరాలు నొక్కే గిటారు మెట్ల మీద, కుడి చెయ్యి రాడ్డు మీద. మీటడానికి చెయ్యేదీ?

"వాయించవేంరా?"

"శ్రుతి పట్టుకున్నానండీ!"

"పట్టుకుని నిలబడితే ఎవడికి వినపడుద్ది?"

మూడేళ్ళ ఆశ నా అరచేతిలో చెమటై కారుతోంది. అంతలో స్పీకరు మీద పెళ్ళి శుభలేఖ కనబడింది. లాక్కుని, మడత మీద మడత వేసి, కుంగిన బ్రిడ్జి కింద కుక్కాను. పెళ్ళికూతురి పేరు నిలువునా నలిగింది, పాపం. శ్రుతి మాత్రం నిలబడింది. అంత గొప్పగా తేలే బ్రిడ్జి గుడి మెట్టులా బిగుసుకుపోయింది. దాంతోనే మిగతా పాటలన్నీ లాగించేశాను.

సామాను సర్దుతుంటే మాస్టారు వచ్చి, గిటారు తిప్పి చూసి శుభలేఖ దగ్గర ఆగారు.

"ఇది నువ్వే పెట్టావా?"

"అవునండీ."

"పాట నడుస్తుండగానే?"

"అవునండీ!"

"నిన్ను వదులుకోనురా. సీటు నీదే."

నా కాళ్ళు నేల మీద ఆనలేదు. "లీడ్ గిటారే కదండీ?"

"కాదురా, మన వ్యానులో డ్రైవరు పక్క సీటు. అది దారిలో ఎక్కడ కూలబడుద్దో తెలీదు. నీలాంటోడు ఉండాలి."

కాబట్టి ఆ వ్యాను స్టెప్నీ టైరు మీద కుడి చెయ్యి వేసి, పాఠకులందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో తేలే బ్రిడ్జి జోలికి పోను. గిటారు సంగతి దేవుడెరుగు, కృష్ణమ్మ మీద కట్టిన వంతెన అయినా సరే, అది దేనిమీదైనా ఆనుకుందో లేదో వంగి చూసుకుని గానీ ఎక్కను.