జహాజు వచ్చేలోపు వేసిన కెపాసిటర్లు

పోయిన వారం గుండె పరీక్షకని డెలానీపూర్‌లో ఒక క్లినిక్‌కి వెళితే, అక్కడి అమ్మాయి నా రెండు చేతులకూ క్లిప్పులు తగిలించి కదలొద్దంది. కదలలేదు గాని, ఆసుపత్రిలో మిషన్లు బాగుచేసిన రోజులన్నీ ఒక్కసారిగా మీదికొచ్చి పడ్డాయి.

రెండు చేతుల నుంచి వచ్చే రెండు తీగల మధ్య తేడానే ఆ ఈసీజీ మిషన్ కాగితం మీద గీస్తుంది. ఆ తేడా, సంకేతాన్ని అందుకునే బఫర్ సర్క్యూట్‌లోకి చేరేముందు తీగకొకటి చొప్పున రెండు కెపాసిటర్లను దాటాలి. నిలకడగా ఉండే వోల్టేజీని అవి ఆపేసి, కదిలేదాన్ని పోనిస్తాయి. గుండె సంకేతంలో చాలా నెమ్మదిగా కదిలే భాగం కూడా ఉంటుంది గనుక, దాన్నీ ఆపేయకుండా అవి పెద్దవే కావాలి. ఒకసారి మా ఆసుపత్రి మిషన్‌లో ఆ రెండూ పాడయ్యాయి. కొత్తవి మద్రాసు నుంచి ఓడలో రావాలి, ఆ జహాజేమో తుఫానుకి ఆగిపోయింది. జహాజు వచ్చేదాకా ఉన్నదానితో నడిపించడం మా దీవుల్లో అందరికీ అలవాటే, పైగా అదో గొప్ప తెలివని చెప్పుకునేవాళ్లం. నేనూ పాత రేడియోలోంచి చిన్నవి రెండు పీకి వేశాను. అంతకుముందు ఊగిసలాడే గీత కాస్తా నిలకడగా వచ్చింది. "భయ్యా, ఇప్పుడు లైన్ ఎక్‌దమ్ సీధా వస్తంది" అని నర్సమ్మ మురిసిపోతే నా భుజాలు నేనే చరుచుకున్నాను. పరీక్ష బటన్‌ని కాసేపు నొక్కిపట్టి, పైకి లేచిన గీత అలాగే నిలబడుతుందో లేదో చూడాలి; నేను తట్టి వదిలేశాను.

ఆ వారమే మా బావని ఛాతీనొప్పితో గరాచర్మలోని ఇంటి నుంచి మా ఆసుపత్రికే తీసుకొచ్చారు. గీత చూసి డాక్టరుగారు గ్యాస్ అన్నారు. తమ్ముడు బాగుచేసిన మిషనే కదా అని అక్క ధైర్యంగా ఇంటికి తీసుకుపోయింది. మూడోనాడు బావ పోయాడు.

జహాజు వచ్చాక, పెద్దవి వేసేముందు ఎందుకో ఆ బటన్ నొక్కిపట్టాను. నిలబడాల్సిన గీత చప్పున జారి కిందికొచ్చేసింది. గుండె దెబ్బతిన్నప్పుడు పైకి లేచి నిలబడే భాగాన్ని నా చిన్న కెపాసిటర్లు మింగేసి ఉంటాయని అప్పుడు తట్టింది. సరైన గీత వచ్చినా బావ బతికేవాడని ఏముందిలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను, సిగ్గులేకుండా. ఎవరికీ చెప్పలేదు.

ప్రతి ఆదివారం చర్చి అయ్యాక అక్క ఇంట్లోనే నా భోజనం. "మీ బావకి నువ్వు చెయ్యగలిగింది చేసేవు తమ్ముడూ" అంటూ ఇంకో చేపముక్క వేసేది. నేను తల వంచుకుని తినేవాణ్ణి.

ఇప్పుడు ఏ పార్టు కావాలన్నా విమానంలో రెండు రోజుల్లో వస్తుంది. జహాజు కోసం ఎదురుచూసే ఖర్మ ఈ పిల్లలకు లేదు. పోయినేడు అక్కనీ బావ పక్కనే సమాధి చేశాం. అన్ని ఆదివారాల్లో ఒక్కటంటే ఒక్కటి చాలేది నాకు, ఆమె ముందు నిజం చెప్పి తిట్లు తినడానికి.