మా సార్ కొట్టేసిన వాక్యం

మొన్న బుధవారం పొద్దున్నే చిక్కడపల్లి నుంచి అమ్మ ఫోన్ చేశారు. మా జువాలజీ సార్ భార్యను శిష్యులమందరం అమ్మ అనే పిలుస్తాం. సార్ నిద్రలోనే పోయారని చెప్పి, "బాధ పడలే బిడ్డా, మంచిగనే పోయిండు" అని నన్నే ఓదార్చారు. ఎనభై దాటిన మనిషి, ముందురోజు సాయంత్రం కూడా మేడ మీద కూర్చుని మైనాల కొట్లాట చూశారట. ఏడుపొచ్చింది. మీతో అబద్ధమెందుకు, అలాంటి చావు మీద కాస్త అసూయ కూడా కలిగింది.

ఉద్యోగ పరీక్షల కోసం ఊరి నుంచి వచ్చి అశోక్‌నగర్ హాస్టల్లో ఉన్న రోజుల్లో ఆయన దగ్గర చేరాను. రిటైరయ్యాక ఇంట్లోనే జంతువుల ప్రవర్తన మీద పాఠాలు చెప్పేవారు. ఒక్కటే షరతు. రోజూ పొద్దున అరగంట ఏదో ఒక ప్రాణిని గమనించి, కళ్లతో చూసింది మాత్రమే ఒక పేజీ రాయాలి. నారాయణగూడ చౌరస్తాలో ఏ కుక్క హద్దు ఎక్కడిదాకా అన్నది ఆయనకు కార్పొరేటర్ కన్నా బాగా తెలుసు. ఎందుకు చేస్తున్నదని తర్వాత అడగండి, ఏం చేస్తున్నదో ముందు చూడండి అనేవారు. పిట్టల ధ్యాసలో పడి చాయ్ చల్లార్చుకోవడం ఆయన అలవాటు. అమ్మ విసుక్కుంటూనే మళ్లీ వేడి చేసి తెచ్చేవారు.

నాకేమో అంత ఓపిక లేదు. ఒక ఎండాకాలం మేడకు ఎదురుగా నిద్రగన్నేరు చెట్టు మీద, కాకి గూట్లో కోయిల గుడ్డు పెట్టింది. ఆ గూడు చూసి రాసే పని నాకు అప్పగించారు. నేను హాయిగా పడుకుని, జిరాక్స్ షాపులో కొన్న పాత నోట్సులోంచి దించేశాను. కోయిల పిల్ల పుట్టగానే కాకి గుడ్లను గూట్లోంచి తోసేసింది, నేను చూశాను అని రాశాను.

సార్ ఆ పేజీ చదివారు. ఇక రావద్దంటారనుకున్నాను. ఆయన బైనాక్యులర్ నా చేతిలో పెట్టి మేడ ఎక్కించారు. గూట్లో రెండు కాకి పిల్లలు, ఒక కోయిల పిల్ల పక్కపక్కనే నోళ్లు తెరుచుకుని ఉన్నాయి.

"ఈ పిల్లలు నీ నోట్సు చదవలే బిడ్డా," అన్నారు. మళ్లీ తనే, "ఆ వాక్యం నాదే. కాలేజీల ముప్పై ఏండ్లు చెప్పిన, పిల్లలు నోట్సుల రాసుకున్నరు. అట్ల తోసేది వేరే దేశపు కోయిల. మన కోయిల సంగతి నేను గూడ చూడకనే చెప్పిన," అన్నారు.

నా దొంగ రాత సంగతి ఆయన మర్చేపోయారు. తన తప్పు అశోక్‌నగర్‌లో షాపు షాపునా అమ్ముడుపోతోందని, పిల్లలు రేపు పరీక్షలో అదే రాస్తారని ఒకటే బెంగ. మర్నాడే మోకాళ్ల నొప్పితో బయలుదేరారు, తోడు నేను. ప్రతి జిరాక్స్ షాపులో అసలు కాపీ అడిగి తీసుకుని, ఆ వాక్యం కొట్టేసి, పక్కన రాశారు: "ఇది చూడకుండా చెప్పాను. మా చెట్టు మీద కలిసి పెరగడం చూశాను. మీరూ చూడండి." పేజీ పాడవుతుందని ఒక షాపతను గొణిగితే, నేను కొత్తగా టైపు చేసిస్తానన్నాను. సార్ ఒప్పుకోలేదు.

"తప్పు కనబడాలె. నీట్‌గ చేస్తే, మొదటి నుంచి నేను కరెక్టే చెప్పిన అనుకుంటరు."

పరీక్షలో ఆ ప్రశ్నే రాలేదు. అయినా పిల్లలు ఎగిరిపోయేదాకా నేను రోజూ మేడ ఎక్కి ఆ గూడు చూశాను. ఈరోజు కాలేజీలో పాఠం చెబుతూ, నాకు తెలియదని పిల్లల ముందు జంకు లేకుండా అనగలుగుతున్నానంటే అది ఆయన చలవే.

నిన్న అమ్మను చూసి వస్తూ అశోక్‌నగర్‌లో ఒక జిరాక్స్ షాపు దగ్గర ఆగాను. ఒక అమ్మాయి అదే నోట్సు జిరాక్స్ తీయించుకుంటోంది. కాపీకి కాపీ పడి అక్షరాలు మసకబారాయి గానీ సార్ గీసిన గీత లావెక్కింది. ఆ అమ్మాయి ఆ పేజీ దగ్గర ఆగి నన్నడిగింది.

"అక్కా, ఈ కొట్టేసింది చదవాల్నా, వదిలెయ్యాల్నా?"

"ముందు అదే చదువు," అన్నాను.

వేలు పెట్టి కొట్టేసిన వాక్యం చదివింది. పక్కన రాసింది చదివింది. చదివి, తలెత్తి, బయట కరెంటు తీగ మీద వాలిన కాకి వైపు చూస్తూ ఉండిపోయింది.