ఖాళీ దొడ్డి కూడా లెక్కే

పోయిన వారం గొర్రెల చెవులకు పసుపు బిళ్లలు వేయడానికి పశువుల ఆసుపత్రి నుంచి ఒక కుర్ర డాక్టరు మా ఇంటికి వచ్చాడు. ఫోను చేతిలో పట్టుకుని, మొత్తం ఎన్ని గొర్రెలున్నాయి మేడమ్ అని కన్నడంలో అడిగాడు (ఇంట్లో తెలుగు మాట్లాడుకున్నా మాది సరిహద్దుకు అవతలి కన్నడ సీమ). నేను డిగ్రీ చదివినదాన్ని. దిష్టి, దోషం అంటే వాదనకు దిగి ఎదుటివాళ్ల నోరు మూయించేదాన్ని. అలాంటి నా నోట్లోంచి "దేవుడిచ్చినన్ని" అని వచ్చేసింది. అరుగు మీద కాలేజీ పుస్తకం చదువుకుంటున్న మా ఆడబిడ్డ కూతురు పుస్తకం పక్కన పడేసి పకపకా నవ్వింది. "అత్తా, నీకు అవ్వ పూనింది!" అంది. అవ్వ అంటే మా అత్తగారు. ఆమె పోయి రెండేళ్లయింది. బతికున్నంత కాలం ఈ ఒక్క మాట మీదే ఆమెతో నేను చేసిన యుద్ధాలు మా వీధి మొత్తానికి తెలుసు.

మా అత్త గొర్రెల్ని లెక్కపెట్టనిచ్చేది కాదు. లెక్కపెడితే తగ్గిపోతాయట. వేరుశనగ కొలిచేటప్పుడు కూడా మొదటి శేరును ఒకటి అనేది కాదు, "లాభం" అనేది, తర్వాత రెండు, మూడు. గొర్రెలకు మాత్రం అంకెలే లేవు, పేర్లే. నల్లది, కుంటిది, చెవులది, దొంగది. సాయంత్రం దొడ్డి దగ్గరున్న బండ మీద కూర్చుని, లోపలికి పోయే ఒక్కొక్కదాన్నీ పేరు పెట్టి పిలిచి, తిట్టి పంపేది. ఆ బండ పక్కనే పెరిగింది కాబట్టి మా ఆడబిడ్డ కూతురికి కూడా ప్రపంచం అట్లాగే కనిపించేది. ఎన్ని అని అడిగితే ఎవరెవరో చెప్పేది. "మీ ఇంట్లో ఎంతమంది?" అంటే "అమ్మ, నాయన, అవ్వ, మామ, నువ్వు" అని ఆగిపోయేది. అంతమంది కలిసి ఒక అంకె అవుతారని దానికి ఎంత చెప్పినా నచ్చలేదు.

నాలుగో తరగతిలో ఇది ముదిరింది. మేష్టరు నూట ఐదు రాయమంటే 1005 అని రాసింది. నూరుకు నూరు రాసినా, ఐదుకు ఐదు రాసినా, ఇంకేం కావాలి అని దాని వాదన. (ఆ వాదించే గుణం ఎవరి నుంచి వచ్చిందో నన్ను అడక్కండి.) పదులూ ఒకట్లూ తెలియని పిల్ల నాలుగులో ఎందుకని ఆయన దాన్ని ఒకటో తరగతి పిల్లల మధ్య కూర్చోబెట్టాడు. అది ఇంటికి వచ్చి పలకను గాదె వెనక్కి విసిరేసి, ఇంక బడికి పోనంది. మా అత్తకు పండగైంది. "పోకుంటే పోనీలేప్పా. దసరా సెలవులైనంక నా ఎనక గొర్లకు వస్తాది. సదివి నువ్వేం ఊడబొడిచినావు?" నాకు ఒళ్లు మండింది. "గొర్రెల్ని ఎక్కడికి తోలతావత్తా? బీడంతా సోలార్ కంపెనీ కంచె లోపల ఉంది. ఇంకో నాలుగేళ్లకు నీకే మేత దొరకదు, దానికేం దొరుకుతుంది? సెలవులయ్యేలోపు నేను నేర్పిస్తా." "నేర్సకుంటే?" "నువ్వు చెప్పినట్టే!" అనేశాను. అన్న తర్వాత తెలిసొచ్చింది. ఆ పిల్ల బడి అంతా నా నోటి దురుసు మీద వేలాడుతోంది కదా.

మొదట వేరుశనగ కాయలు ముందేసుకున్నాం. పదేసి కాయలు ఒక కుప్ప, మిగిలినవి ఒకట్లు. నేను లోపలికి పోయి నీళ్లు తాగి వచ్చేసరికి ఒకట్లు లేవు. "తినేసినా. పదులు అట్లే ఉండాయి, చూస్కో" అంది. సరే, నీకిష్టమైనవాటితోనే చెబుతానని, పది గొర్రెల్ని ఒక కట్ట అనుకోమన్నాను. "కుంటిది ఒప్పుకోదత్తా. దొంగదాని పక్కన అది నిలబడనే నిలబడదు."

అప్పుడు దాన్ని కంచె దగ్గరికి తీసుకుపోయాను. మా ఆడబిడ్డ అక్కడే కూలికి పోయి సోలార్ ప్లేట్లు కడిగేది. కొత్తగా బిగించిన ఆ ప్లేట్లు మా బలసముద్రం ఊరి బీడు నిండా, చూపు ఆనినంత దూరం నీలంగా మెరుస్తూ ఉండేవి. ఆ ప్లేట్లు లెక్కపెట్టు అన్నాను. ముప్పై దాటేసరికి తప్పింది. మళ్లీ మొదలుపెట్టింది, మళ్లీ తప్పింది. "ఏందత్తా ఇవి? అన్నీ ఒకే మొగం! ఏది ఏదో ఎట్ల తెలిసేది?" అని కాలు నేలకేసి కొట్టింది. పేరు లేనివాటినే లెక్కపెడతారే పిచ్చిదానా అన్నాను. అది "పోనీ, పదికొక పేరు పెడ్తామా?" అంది. మొదటి పది ప్లేట్లు నల్లది. తర్వాతి పది కుంటిది. ఆ తర్వాత చెవులది. పది గొర్రెలు కాగానే ఒక మంద. కట్ట కట్టమంటే కట్టని పిల్ల ఒక్కొక్క గొర్రె వీపున పదేసి ప్లేట్లు ఎక్కించి తోలుకుపోతోంది!

ఇంటికి వచ్చి వాకిట్లో ఇసుక మీద పుల్లతో మూడు దొడ్లు గీశాం. ఎడమ దొడ్డి మందలకు, నడిమిది విడి గొర్రెలకు, కుడిది ప్లేట్లకు. నూట ఐదు వెయ్యమన్నాను. ఎడమ దాంట్లో ఒక రాయి, కుడి దాంట్లో ఐదు రాళ్లు పెట్టింది. నడిమి దాంట్లో ఏమీ లేదని దాన్ని కాలితో చెరపబోయింది. అప్పటిదాకా, తన గొర్రెల పేర్లతో లెక్కలేమిటని బండ మీద నుంచి శాపనార్థాలు పెడుతున్న మా అత్త ఒక్క కేక పెట్టింది. "ఏమే, దొడ్డి సెరుపుతాండావు! గొర్లు మేతకు పోయినాయని దొడ్డి పీకేస్తామేమే? సందేళకు వచ్చి యాడ పండుకుంటాయి, నీ నెత్తిమీదనా?" ఆమె భయం ఆమెది. దొడ్డి చెరిపితే అరిష్టమని. పిల్ల కాలు గాల్లోనే ఆగిపోయింది. కిందకు చూసింది, నన్ను చూసింది. నడిమి దొడ్డిలో పుల్లతో ఒక గుండ్రటి సున్నా గీసి, "గొర్లు మేతకు పోయినాయి. దొడ్డి ఉండాది" అంది.

అట్లాగని నేను అత్తకు ఓడిపోయానని ఎవరూ అనుకోవద్దు. ఆమె గెలిచానని ఊరంతా చెప్పుకుంది, అది వేరే సంగతి.

బడి తెరిచిన రోజు పిల్లను నేనే చెయ్యి పట్టుకుని తీసుకుపోయి, నాలుగో తరగతి గుమ్మంలో నిలబడ్డాను. మేష్టరు విసుక్కుంటూనే కన్నడంలో "నూర ఐదు" రాయమన్నాడు. సుద్దముక్కతో 105 అని రాసింది. నడుమ సున్నా ఎందుకు పెట్టావని అడిగాడు. "గొర్లు మేతకు పోయినాయి సార్" అంది గట్టిగా. తరగతి మొత్తం నవ్వింది. ఆయన నా వైపు చూశాడు. నేను ఆ పూట ఆయన్ని తేలిగ్గా వదల్లేదు, దొడ్లన్నీ బోర్డు మీద గీసి మరీ చెప్పాను. చివరికి ఆయన చేతులెత్తి, "పోయి నీ జాగాలో కూర్చోమ్మా" అని దాన్ని నాలుగో తరగతి బల్లకు పంపాడు. సాయంత్రం మా అత్త మనవరాలికి నెయ్యి వేసిన సంగటి ముద్ద పెట్టింది, నాకు పెట్టలేదు.

ఇప్పుడు ప్రతి గొర్రె చెవికీ బారెడు నంబరు ఉంది. డాక్టరు ఒక సున్నా మింగేసి చదివితే, మా పిల్ల అరుగు మీద నుంచే సరిదిద్దింది. ఆయన వెళ్లిపోయాక గొర్రెలు మేతకు బయలుదేరాయి. దొడ్డి ఖాళీ అయింది. పక్కనున్న బండ మీద ఎవరూ లేరు. కూర్చోవద్దని ఎవరూ చెప్పకపోయినా, మా ఇంట్లో దానిమీద ఎవరూ కూర్చోరు. కాలం మనుషుల్ని మేతకు తోలుకుపోతుంది సరే, వాళ్ల జాగాను చెరపడం మాత్రం దాని తరం కాలేదు. ఆ ఖాళీ జాగా నూట ఐదులో సున్నాలా నిలబడి ఉండబట్టే, దాని పక్కనున్న మా అందరికీ ఇంకా మా విలువ మిగిలి ఉంది.