దూదికి అంటుకున్న రాజుగారు

మా ఇంట్లో దేవుడి పటాల మధ్య ఒక రాజుగారు ఉండేవారు. బొటనవేలంత బొమ్మ. పల్చటి ఏనుగు దంతపు పలక మీద రంగులతో వేసి, అద్దం బిగించి, వెండి చట్రంలో పెట్టారు. ఎర్ర తలపాగా, మెడలో ముత్యాల వరసలు, పైకి మెలితిప్పిన మీసాలు.

ఆ బొమ్మ మా నాయనమ్మ వాళ్ల తాతకు వచ్చిన కానుక. విశాఖలో ఓడరేవు కట్టకముందు ఓడలు దూరంగా సముద్రంలోనే ఆగిపోయేవి. మనుషుల్ని పడవల మీద కెరటాలు దాటించి ఒడ్డుకు తేవడమే ఆ తాత పని. ఒకసారి పడవ తిరగబడితే, అందులో ఉన్న ఒక సంస్థానం రాజుగారిని ఆ తాత భుజాన వేసుకుని ఒడ్డుకు చేర్చాడట. నచ్చినవాళ్లకు తమ చిన్న బొమ్మను కానుకగా ఇవ్వడం అప్పటి రాజులకు మర్యాద. అలా ఆయన మా ఇంటికొచ్చారు. పరీక్షకు వెళ్లేముందు నేను వినాయకుడికి, ఆయనకు కలిపి దండం పెట్టుకునేదాన్ని.

తొంభైల్లో నాయనమ్మకు కంటి ఆపరేషన్ అయింది. పట్టీ తీశాక ఇంటికొచ్చి బొమ్మ చేతిలోకి తీసుకుంది.

"ఏటే, రాజుగోరు ఇలా మసిబారిపోనారు?" అంది.

అద్దం బీటలోంచి దీపం పొగ, కుంకుమ లోపలికి చేరాయి. ముఖం సగం కనబడటం లేదు.

అప్పట్లో ఒక రిటైరైన డ్రాయింగు మాస్టారు ఫిషింగ్ హార్బర్‌కొచ్చి పడవల బొమ్మలు గీసుకునేవారు. గోదావరి జిల్లా మనిషి. కొడుక్కి స్టీల్‌ప్లాంటులో ఉద్యోగమని గోపాలపట్నంలో ఉండేవారు. అక్కడే పడవ నడిపే మా నాన్నకు ఆయనంటే ఇష్టం, టీ తాగకుండా పోనిచ్చేవాడు కాదు. నాయనమ్మ ఆయన్నే పిలిపించింది.

మాస్టారు అద్దం విప్పి, తడి దూదితో ముందు తలపాగా అంచు తుడిచారు. మసి పోయింది, ఎరుపు చెక్కుచెదరలేదు. ధైర్యం వచ్చి ముఖం మీద దూది పెట్టారు.

మీసం దూదికి వచ్చేసింది.

ఆయన చెయ్యి గాల్లో ఆగిపోయింది. అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నేను వంగి చూశాను. చెంప ఉండాల్సిన చోట మరొక చెంప ఉంది. నున్నగా, లేతగా. మీసం లేదు. కాస్త బెదురుగా చూస్తున్న రెండు కళ్లు. అదే తలపాగా, అవే ముత్యాలు, కానీ మనిషి వేరు. నేను గభాల్న వెనక్కి జరిగాను.

"మా రాజుగోరేరీ మేస్టారూ?" అంది నాయనమ్మ.

ఆయన దూది కింద పెట్టారు. "అమ్మా, కానుకలకని రాజులు ఇలాంటివి ముందే కొన్ని చేయించి ఉంచుకునేవారేమోనండి. ఈ అబ్బాయి గద్దె మీద ఉన్నప్పుడు వేసింది ఇది. తర్వాత ఇంకొకరు వచ్చుంటారు. నగలూ తలపాగా అవే కదా అని, ముఖం మటుకు మార్పించేసినట్టున్నారు."

"మరి మా తాత మోసింది ఎవుల్ని?"

"ఆ మీసాలాయన్నే అయ్యుంటుందండి."

నాయనమ్మ దూది వైపు చూసింది. నల్లటి మరక. ఆయన అంతే మిగిలారు. మళ్లీ గీసిపెడతానని మాస్టారు బతిమాలారు. ఆమె వద్దంది.

"ఇన్నాల్లూ ఈ కుర్రోడు ఆయన కింద ఊపిరాడకుండా ఉన్నాడు. మల్లీ కప్పెత్తారా?"

ఆ మాటకు మాస్టారు కళ్లనీళ్లు పెట్టుకున్నారు. ఆ తర్వాత హార్బర్‌కు రావడం మానేశారు. కొన్నాళ్లు చూసి, నాయనమ్మ నన్ను వెంటబెట్టుకుని, వంజరం చేప సంచిలో వేసుకుని సిటీ బస్సెక్కింది. వాళ్ల గుమ్మంలో నిలబడి అడిగింది.

"మీరు రాపోతే ఆ కుర్రోడెవులో నాకెవులు సెప్తారు?"

ఆయన మళ్లీ వచ్చారు. తెలిసినవాళ్లందరినీ వాకబు చేశారు. ఆ ముఖాన్ని ఎవరూ గుర్తుపట్టలేదు. ఏమయ్యాడో, చనిపోయాడో, గద్దె దింపేశారో తెలియలేదు.

రెండు వేల సంవత్సరం దాటాక నాయనమ్మ పోయింది. చివరిదాకా రోజూ అతనికి దీపం పెట్టింది, పేరు తెలియక "బాబూ" అనే పిలిచింది. ఇప్పుడా బొమ్మ నా దగ్గరుంది. నాకు మాత్రం దండం పెట్టుకోవడానికి చేతులు రావు. ఆ బెదురు చూపు ఎదురైతే చాలు, ఆ రోజులాగే వెనక్కి జరుగుతాను.