సున్నం కలిపిన మినుములు

ఐదేళ్లపాటు నేను మైక్రోస్కోపులో చూసింది ఒక్కటే. పప్పుజాతి మొక్క వేరు మీది నూగులో ఒక కణం, ఆ కణంలో కాల్షియం పెరగడం, తగ్గడం. మట్టిలోని రైజోబియం అనే బ్యాక్టీరియా దగ్గరికి రాగానే ఆ కాల్షియం నాడిలా కొట్టుకోవడం మొదలుపెడుతుంది. ఆ కొట్టుకోవడం సరిగా ఉంటేనే వేరు బ్యాక్టీరియాని లోపలికి రానిచ్చి, బుడిపెలు కట్టి కాపురం పెట్టిస్తుంది. ఆ బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని మొక్కకి తిండిగా మార్చి పెడుతుంది. దీనికి నాకు డాక్టరేట్ ఇచ్చారు. బందరులో కాలేజీ ఉద్యోగం వచ్చింది. ఇంక నా నోటికి అడ్డేముంది.

మా మేనత్తకి బంటుమిల్లి దగ్గర ఎకరన్నర పొలం. మూడు వైపులా రొయ్యల చెరువులే. ఉప్పు ఊరుతోంది, మనదీ చెరువుకి ఇచ్చేద్దామని ఆవిడ కొడుకులు, మా బావలిద్దరూ పోరు పెడుతున్నారు. మావయ్య పోయాక ఆవిడ పొద్దున్నే లేచి వెళ్లే చోటు అదొక్కటే. చివరికి ఒక మాటకి వచ్చారు. ఈసారి మినుము పండితే పొలం అత్తది, పండకపోతే చెరువు.

తగుదునమ్మా అని నేను రైజోబియం పొడి పాకెట్ పట్టుకెళ్లాను. బెల్లం నీళ్లలో కలిపి మినుములకి పట్టించి, నీడన ఆరబెట్టి, వరి కోతకి ముందే చేలో చల్లమన్నాను.

"అదిసరే, ఐదేళ్లు నువ్వు చదివిందేంటే?" అంది అత్త.

"బ్యాక్టీరియా వచ్చి తలుపు కొడుతుంది అత్తా. వేరులో కాల్షియం లేకపోతే తలుపు తియ్యదు."

"కాల్షియం అంటే?"

"సున్నంలో ఉంటుంది చూడు, అదే."

చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. అంత చదువుని ఒక్క ముక్కలో చెప్పేశానని మురిసిపోయి బస్సెక్కాను.

నెల దాటాక వెళ్తే చేనంతా పసుపుబారి ఉంది.

"నువ్వు చెప్పినట్టే చేశానే," అంది అత్త. "చెరువుల్లో చల్లే సున్నం అడిగి తెచ్చి, పొడితోపాటు దిట్టంగా కలిపాను. తలుపు తియ్యాలిగా."

ఆ సున్నం ఘాటుకి రైజోబియం ఒక్కటీ బతకదు. తనకి కావలసిన కాల్షియాన్ని వేరు కణం తనే చూసుకుంటుంది, మనం పొయ్యక్కర్లేదు. చెప్పాల్సిన ఆ ఒక్క మాటా నేను చెప్పలేదు.

మొక్క పీకి చూశాను. వేరు నున్నగా ఉంది, ఒక్క బుడిపె లేదు. చెరువు గట్టు పక్క మూల మాత్రం పచ్చగా ఉంది. అక్కడికి వచ్చేసరికి సున్నం అయిపోయిందని, ఉత్త పొడే పట్టించానని చెప్పింది అత్త. అక్కడి మొక్క పీకితే వేళ్లనిండా బుడిపెలు. గోటితో చిదిమితే లోపల గులాబీ రంగు, అంటే బ్యాక్టీరియా బాగా పనిచేస్తోందన్నమాట. ఆ పొలంలో ఉప్పు అన్నిటికన్నా ఎక్కువ ఊరేది ఆ మూలే.

బావలిద్దరూ గట్టు మీద నిలబడి చూస్తున్నారు.

"ఉప్పేనంటావా? నేనేమైనా తప్పు చేశానా?" అని అడిగింది అత్త.

"ఉప్పే అత్తా," అన్నాను.

కొడుకుల ముందు ఆవిడ చిన్నబోకూడదని అలా అన్నానని చాలా రోజులు నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఒట్టి మాట. సున్నం వల్లే అంటే, సున్నం కలపమని ఎవరు చెప్పారని అడిగేవారు. సున్నమే తప్పయితే వచ్చే ఏడు అది మానేస్తే సరిపోయేది. ఉప్పయితే ఆ పొలం మీద ఆశ వదులుకోవాల్సిందే. ఆ తేడా అక్కడ తెలిసినదాన్ని నేనొక్కదాన్నే, సిగ్గు లేకుండా నోరు మూసుకున్నాను.

వేసవిలో పొక్లెయిన్ వచ్చి పొలం తవ్వేసింది. అత్త ఇప్పుడు పెద్దబావ ఇంట్లో ఉంటోంది. పొలం ఎందుకిచ్చేశారండీ అని ఎవరైనా అడిగితే ఒకటే చెబుతుంది.

"మా మేనకోడలు డాక్టరేట్ అండీ. వేరు పీకి చూసి మరీ చెప్పింది. లేకపోతే వీళ్ల మాటలకి ఇచ్చేదాన్నా?"