పేరు కోసేసిన బిళ్ళలు

2023 ఎండాకాలం. ఎమ్మిగనూరులో మగ్గాల వీధి మొదట్లోనే నా మందుల షాపు. ఫార్మసిస్టుగా నాకొక గర్వం ఉండేది: డాక్టరు చీటీ లేనిదే ట్రమడాల్ ఇవ్వను, ఇచ్చినా పది బిళ్ళలకు మించనివ్వను. అది గట్టి నొప్పి మందు. మోతాదు దాటితే మత్తు కమ్మి ఊపిరి మందగిస్తుంది. మా షాపుకు నాలుగిళ్ళ అవతల ముప్పై ఏళ్ళు గుంటమగ్గంలో కూర్చున్న నాగప్పన్న నడుముకు అదే రాసిచ్చారు.

ఒక మధ్యాహ్నం ఆశా వర్కర్ లక్ష్మి ఆసుపత్రి నుంచి రొప్పుతూ వచ్చి, నాగప్పన్న వక్కాకు సంచిని నా బల్ల మీద బోర్లించింది.

“సార్, నాగప్పన్న ఎంత లేపినా పలకల్యా. మగ్గం సప్పుడు నిలిచిపోయిందని పక్కింటి సుంకమ్మ పోయి సూసిందంట. ఏం మింగినాడని డాక్టరు అడగతాండాడు. ఇవేం బిళ్ళలో బిర్నా సెప్పండి.”

మూడు రకాల ముక్కలు. షీటును కత్తిరించి విడిగా అమ్మడం మా షాపుల అలవాటు, కట్ స్ట్రిప్ అంటాం. ఒక్క ముక్క మీదా మందు పేరు లేదు. ఒకదాని అంచున మాత్రం చిన్న గాటుంది. నా కత్తెర ఒకచోట విరిగింది, ఏది కోసినా ఆ గాటు పడుతుంది. అది నేనిచ్చిన ట్రమడాలే.

“తక్కినవి యాడివి?”

“ఒగటి బస్టాండు కాడి షాపుది. ఒగటి ఆర్‌ఎంపీ ఇచ్చినాడంట. వాళ్ళింటామె సెప్పింది.”

ఇద్దరికీ ఫోన్ చేశాను. అవీ ట్రమడాలే, కంపెనీ పేర్లే వేరు. ఆ మాట చేరగానే డాక్టరు నాలోక్సోన్ ఇచ్చారు. ఆ మత్తును విరిచే ఇంజెక్షన్ అది. సాయంత్రం నాగప్పన్న కళ్ళు తెరిచాడని విని, సిగ్గు విడిచి షాపులోనే ఏడ్చాను.

మూడో రోజు చూడబోతే ఆయన తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

“ఒగటి నడుముకు, ఒగటి మోకాళ్ళకు, ఒగటి నిద్రకని తింటిని గదప్పా. మూడూ ఒగటేనని నాకెవురు సెప్పినారు?”

ఆ ప్రశ్న పట్టుకునే లక్ష్మి అందరినీ చేనేత సంఘం గదిలో కూర్చోబెట్టింది. మొదటి గంటంతా తప్పును ఒకరి మీదికొకరు నెట్టుకున్నాం. “నేనిచ్చింది ఐదే” అని ఆర్‌ఎంపీ, “నేను చీటీ చూసే ఇచ్చినాను” అని నేను. డాక్టరు విసుక్కున్నాక దారికొచ్చాం. మనిషికో కార్డు, ఎవరు ఏ మందిచ్చినా అందులో రాయాలి. షీటు కోస్తే పేరున్న ముక్క కొన్నవాళ్ళకే ఇవ్వాలి. మాకు తట్టనిది సుంకమ్మకు తట్టింది.

“ఆ బిళ్ళలు మింగేటోళ్ళు ఒప్పుకుంటే పేర్లు మాకూ సెప్పండప్పా. పనియాళలో మగ్గం నిలిస్తే తొంగి సూస్తాం.”

గోడకానుకుని కూర్చున్న నాగప్పన్న చెయ్యెత్తాడు. “నా పేరు ముందు రాసుకోండి.”

బిళ్ళలిచ్చిన మేం ముగ్గురం జాగ్రత్తపరులమే, ఎవరి బల్ల దగ్గర వాళ్ళం. ఒకరినొకరు అడగకపోవడం వల్లే ఒక మనిషి పోబోయాడు. ఆయన్ని కాపాడింది మా చదువు కాదు, గోడవతల ఒకామె చెవి.

ఇప్పుడు బిళ్ళలు కోస్తున్నా ఒక చెవి వీధిలోనే వేసి ఉంచుతాను. నాగప్పన్న మగ్గం ఆగితే నా కత్తెరా ఆగుతుంది.