చుయ్యిమన్న చక్రం

నా చిన్నప్పుడు మా మేనమామ ఒక పాత నల్ల కారు తోలేవాడు. బండి షావుకారుది, చెయ్యి మాత్రం మామది. నర్సీపట్నం చుట్టుపక్కల ఊళ్ళకి పెళ్ళివాళ్ళనీ, పురిటికొచ్చే ఆడపిల్లలనీ అందులోనే దింపేవాడు. డ్రైవింగు తప్ప ఆయనకి ఇంకో పని రాదు.

ఒక వర్షాకాలం వాగు దాటి వచ్చాక ఆ బండికి జబ్బు చేసింది. చదును రోడ్డు మీద కూడా ముక్కుతూ మూలుగుతూ పోయేది. కాస్త దూరం వెళ్ళేసరికి ముందు నుంచి ఆవిర్లు. మామ ఆపి, చల్లారేదాకా రోడ్డు పక్కన కూర్చుని, రేడియేటర్లో నీళ్ళు పోసి మళ్ళీ తోలేవాడు. మళ్ళీ అదే వరస. షావుకారు చూసి, "ఇంజను అయిపోయిందిరా, తుక్కువాడికి ఇచ్చేద్దాం" అన్నాడు. "సంత రోజు దాకా ఆగండి బాబూ" అని మామ బతిమాలుకున్నాడు. ఆ పూట మా అత్త పొయ్యి వెలిగించలేదు. బండి పోతే ఆ ఇంట్లో పొయ్యికి పనే లేదని ఆవిడకి తెలుసు.

మర్నాడు మామ నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని బయల్దేరాడు. ఇంట్లో ఇంకెవరూ ఆ బండి ఎక్కనన్నారు. చెరుకు తోటలు దాటాక ఎప్పటిలాగే ఆవిర్లు వచ్చాయి. మామ దిగాడు గానీ ఇంజను జోలికి పోలేదు. చెంబుతో నీళ్ళు తెచ్చి నా చేతికిచ్చాడు.

"మీ అమ్మ అట్టు పొయ్యబోయే ముందు పెనం కాలిందో లేదో ఎలా చూస్తాదే?"

"నీళ్ళు చిలకరిస్తాది."

"అయితే నాలుగు చక్రాలకీ చిలకరించు. ముట్టుకున్నావంటే తంతాను."

వేళాకోళం అనుకున్నాను. ముందు చక్రాల మీద పడ్డ నీళ్ళు ఊరికే జారిపోయాయి. వెనక కుడిదీ అంతే. ఎడమదాని నడిమి ఇనుప డిప్ప మీద చల్లానో లేదో, చుయ్యిమంది. నీళ్ళు పూసల్లా ఎగిరి మాయమయ్యాయి.

మామ పగలబడి నవ్వాడు. "ఇంక అట్టు పొయ్యవే!" అన్నాడు.

వాగు నీళ్ళూ బురదా లోపలికి పోయి ఆ చక్రం బ్రేకు తుప్పు పట్టి బిగిసిందట. మామ కాలు తీసినా అది వదలడం లేదు. ఇంజను ముందుకు లాగుతుంటే అది వెనక్కి పట్టుకుంటోంది. ఆ పెనుగులాటకే బండి కాగిపోతోంది. చక్రం చల్లారాక మామ విప్పి, గరుకు కాగితంతో తుప్పు గీకి, మళ్ళీ బిగించాడు. తిన్నగా షావుకారు వీధిలోకి తోలి, గుమ్మం ముందు ఆపి హారను కొట్టాడు. ఆయన బయటికొచ్చి ఆవిరి కోసం చూశాడు. లేదు. వెనక్కి తిరిగి లోపలికి పోయాడు. నా పెళ్ళికి నన్ను దింపింది కూడా ఆ బండే.

ఇప్పుడు పరదేశంలో, రెజైనా అనే ఊళ్ళో మా అమ్మాయి దగ్గరుంటున్నాను. కింద బేస్‌మెంట్‌లో కాలేజీ పిల్లలు అద్దెకుంటారు. నాకు సంతకం వరకే వచ్చు కాబట్టి, వాళ్ళలో వరంగల్ పిల్ల ఇది రాసిపెడుతోంది. ఎక్కడ ఆపినా హ్యాండ్‌బ్రేక్ లాగాలని వాళ్ళ నాన్న నేర్పిన పిల్ల. ఇక్కడ చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, అది ఇనుమును తినేస్తుంది. మొన్న ఎండల్లో ఆ పిల్ల పాత కారు కూడా ముక్కడం, కాగడం మొదలెట్టింది. అది లేకపోతే తెల్లవారుజామున పనికి పోవడానికి బస్సు లేదు. స్నేహితులందరూ ఇంజిన్ పోయింది, అమ్మెయ్యమన్నారు.

పిల్ల పని నుంచి రాగానే గ్లాసుతో నీళ్ళు పట్టుకెళ్ళాను.

"ఏంది అమ్మమ్మా, కారుకు పూజ చేస్తున్నవా?"

"నోరు మూసుకుని విను" అన్నాను.

వెనక ఒకటి చుయ్యిమంది. హ్యాండ్‌బ్రేక్ తీగ తుప్పు పట్టి వదలడం లేదని షెడ్డువాళ్ళు మార్చారు. పిల్ల పనికి పోతోంది.

ఏదైనా సాగడం లేదంటే దాన్ని తిట్టడం ఆ చెరుకు తోటల దగ్గరే మానేశాను. ముందు చుట్టూ తిరిగి, ఎక్కడ కాలుతోందో చూస్తాను. మా ఆయన పోయాక మంచం దిగలేని రోజుల్లో, ముసలిదాన్నయ్యానని, ఇంక ఇంతేనని అన్నారు అందరూ. అప్పుడు నా చుట్టూ నేనే తిరిగి చూసుకున్నాను. కాలే చోటు దొరికింది, పోయిన మనిషిని నా మనసు ఇంకా వదలకుండా పట్టుకునే ఉంది. అది చల్లారేదాకా ఆగి, లేచాను.